తోలు అద్దకంలో జీడిపప్పు పొట్టు

జీడిపప్పు పొట్టు జీడిగింజ పెంకుకూ పప్పుకూ మధ్య ఉండే పలుచని ఎర్రగోధుమ పొర. టానిన్లు అధికంగా ఉండడం వల్ల ఇది తోళ్లను పదును చేయడానికీ రంగు వేయడానికీ పనికివస్తుంది.

16వ శతాబ్దంలో పోర్చుగీసువారు జీడిమామిడిని బ్రెజిల్ నుంచి భారతదేశానికి తెచ్చారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలోని ఇసుక నేలల్లో ఈ తోటలు విస్తారం. పలాస-కాశీబుగ్గ కర్మాగారాల్లో పెంకు తీసిన పప్పును వేడిగాలిలో ఆరబెడతారు. దాంతో పొర పెళుసై పొట్టుగా రాలుతుంది.

పొట్టులోని ప్రధాన పాలీఫినాల్స్ కాటెచిన్, ఎపికాటెచిన్. వీటి నుంచి ఏర్పడే టానిన్లు తోలులో వదులుగా ఉండే పొట్ట భాగాన్ని నింపి, రంగు సమంగా పట్టేలా చేస్తాయి. తోలుకు ఎర్రగోధుమ ఛాయ వస్తుంది. అన్నభేది కలిపితే రంగు నలుపు వైపు మారుతుంది. అయితే ఈ టానిన్లు ఎండకు మరింత ఎర్రబడతాయి. ఈ విషయంలో కరక్కాయ టానిన్లు మెరుగు.

ఏ రంగు వాడినా, చర్మంపై ఉన్న ముళ్ల గీతలు, పిడుదుల మచ్చలు, వాతలు కేవలం అద్దకంతో పోవు. తోలు పైభాగాన్ని సన్నగా రుద్ది, పిగ్మెంటు పూత వేసి, అచ్చు ఒత్తి వాటిని కప్పుతారు. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలుకు ఆమ్ల రంగులు వేసేటప్పుడు, రంగు లోపలికి ఇంకాక ఫార్మిక్ ఆమ్లంతో పీహెచ్‌ను సుమారు 3.5కు దించి స్థిరపరుస్తారు. రాపిడికి రంగు నిలకడను 1 నుంచి 5 వరకు, వెలుతురుకు 1 నుంచి 8 వరకు ఉన్న కొలమానాలతో నిర్ణయిస్తారు. రెండింటిలోనూ పెద్ద అంకె మెరుగైన నిలకడకు గుర్తు. భారతదేశంలో తోలు సాంకేతిక పరిశోధనకు ప్రధాన సంస్థ చెన్నైలో 1948లో ఏర్పడిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ.