మంచులో ఉప్పు చేసిన పని: జెలాటో చరిత్ర

వేసవిలో చల్లని పదార్థమును కోరుట మానవునకు సహజము. నీటిని చల్లబరచుటకు మట్టికుండ చాలును. కాని నీటిని గడ్డకట్టించుటకు కుండ చాలదు. పర్వతములనుండి మంచు తెప్పించుకొనగల రాజులు సైతము దానిని పానీయములో వేసికొని త్రాగగలిగిరే గాని, ఆ పానీయమునే గడ్డకట్టించు ఉపాయము చిరకాలము ఎరుగరు. ఆ ఉపాయము దొరికినది ఏ అపురూప వస్తువులోను గాదు, ప్రతి వంటయింటిలోను నుండు ఉప్పులో. ఇటలీ దేశమున జెలాటో అను పేర ప్రసిద్ధికెక్కిన మంచు మిఠాయి చరిత్ర, నిజమునకు మంచునకును ఉప్పునకును గల సంబంధమును మానవుడు తెలిసికొనిన చరిత్రయే.

జెలాటో అను ఇటాలియన్ మాటకు "గడ్డకట్టినది" అని అర్థము. ఇది మనమెరిగిన ఐస్‌క్రీమునకు దగ్గరి చుట్టము. ఐస్‌క్రీములో మీగడ హెచ్చు. అమెరికా నిబంధనల ప్రకారము అందు పాలకొవ్వు నూటికి 10 పాళ్లకు తగ్గరాదు. జెలాటోలో పాలు హెచ్చు, మీగడ తక్కువ. కొవ్వు సాధారణముగా నూటికి 4 మొదలు 9 పాళ్లవరకు ఉండును. చిలుకునప్పుడు దానిలో చేరు గాలియు తక్కువ. సున్నకు దిగువ 12 మొదలు 14 డిగ్రీల సెల్సియస్ వద్ద దానిని వడ్డింతురు. ఐస్‌క్రీమును ఇంతకంటె కొన్ని డిగ్రీలు ఎక్కువ చలిలో ఉంతురు. అందుచేత జెలాటో మెత్తగా నుండి, దాని రుచి నాలుకకు త్వరగా తెలియును.

వింత రుచులు క్రొత్తవియా?

ఫ్లారెన్సు నగరమున 2010లో జెలాటో ఉత్సవ మొకటి ఆరంభమైనది. తరువాత అది ఇతర నగరములకును వ్యాపించినది. నేను ఇటలీలో ఎం.ఎస్సీ. చదువుచున్న దినములలో ఆ ఉత్సవమును చూచు అవకాశము కలిగినది. చీటీ కొనినవారు ఒక్కొక్క బల్లవద్దకు పోయి చిన్న గిన్నెలో రుచి చూడవచ్చును. వనిల్లా, చాకొలెట్ వంటి పరిచితమైన రుచుల ప్రక్కనే ఆలివు నూనె, నల్లనువ్వులు, తులసికి బంధువైన బేసిల్ ఆకు కలిపిన నిమ్మరసము, బేరిపండుతో గోర్గొంజోలా అను ఘాటైన చీజు, తియ్యని ద్రాక్షసారా మొదలగు వింత రుచులు ఉండెను. చీజు జెలాటో నోట పెట్టగానే మొదట ఉప్పన, వెనువెంటనే తీపి, తుదకు బేరిపండు వాసన తెలిసినవి. నల్లనువ్వులది మన నువ్వుండను జ్ఞప్తికి తెచ్చినది.

విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఇందు రెండు ప్రశ్నలు తోచును. ఒకే చలిలో నుంచినను నిమ్మరసము గట్టిగా నిలిచినది, చీజుది మెత్తబడినది, ద్రాక్షసారాది చెంచానుండి జారినది, దీనికి కారణమేమి? ఇట్టి రుచులు నేటివారి చాపల్యమా, లేక వీటికిని చరిత్ర కలదా? మొదటి ప్రశ్నకు సమాధానము రెండవదానిలోనే దాగియున్నది.

కథయు సాక్ష్యమును

జెలాటో పుట్టుకనుగూర్చి మూడు కథలు మిక్కిలి ప్రచారములో ఉన్నవి. 1295లో వెనిస్ నగరమునకు తిరిగివచ్చిన మార్కో పోలో ఈ విద్యను చీనానుండి తెచ్చెననుట మొదటిది. 1533లో 14 ఏండ్ల ప్రాయమున ఫ్రాన్సు రాకుమారుని పెండ్లియాడిన కాథరీన్ ద మెడిచి తనవెంట మంచు వంటవారిని తీసికొనిపోయెననుట రెండవది. ఫ్లారెన్సు వాస్తుశిల్పి బుఒంతలెంతి ఒక విందుకొరకు దీనిని కనిపెట్టెననుట మూడవది. నేటికిని ఆ నగరమున ఆయన పేర ఒక రుచి అమ్ముడుపోవుచున్నది.

ఈ కథలు వినుటకు ఇంపైనవే. కాని మార్కో పోలో యాత్రాగ్రంథములో ఈ విద్య ప్రస్తావన లేదు. కాథరీన్ వంటవారి కథకు ఆమె కాలపు పత్రములలో సాక్ష్యము లభింపలేదు. చరిత్రయందు ఒక వస్తువును ఎవరు కనిపెట్టిరని అడుగుటకు ముందు, ఆ వస్తువు తయారగుటకు ఏ జ్ఞానము అవసరమో, ఆ జ్ఞానము ఏ కాలమున ఎవరికి ఉండెనో విచారింపవలెను. జెలాటోకు అవసరమైన జ్ఞాన మొక్కటే: మంచుకంటె చల్లనిదానిని తయారుచేయుట.

సురేకారము తోవ చూపుట

ఈ జ్ఞానమునకు తొలిమెట్టు తుపాకిమందులో వాడు సురేకారము. దానిని నీటిలో కరగించినచో నీరు చల్లబడును. కరగునప్పుడు అది చుట్టునున్న నీటినుండి వేడిని గ్రహించుటయే ఇందుకు కారణము. 13వ శతాబ్దమున అరబ్బు వైద్యుడు ఇబ్న్ అబీ ఉసైబియా తన గ్రంథమున ఈ పద్ధతిని పేర్కొనెను. 1550లో రోమునగరమున వైద్యముచేయుచుండిన స్పెయిన్ దేశీయుడు విల్లాఫ్రాంకా, ద్రాక్షసారాను సురేకారముతో చల్లబరచు విధమునుగూర్చి ఒక పుస్తకము ప్రకటించెను.

మన దేశమునను ఇది తెలిసిన విషయమే. అక్బరు చక్రవర్తి త్రాగునీటిని సురేకారముతో చల్లబరచుచుండిరని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వ్రాసెను. 1586లో పాదుషా విడిది పంజాబునకు మారిన తరువాత, లాహోరునకు 45 కోసుల దూరమునగల ఉత్తరపు కొండలనుండి మంచు వచ్చుచుండెననియు అందే కలదు. ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గమనింపవలెను. 100 పాళ్ల నీటిలో 13 పాళ్ల సురేకారమును కరగించినచో ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు తగ్గును. త్రాగునీరు చల్లబడుటకు అది చాలును. ఎండకాలపు నీరు గడ్డకట్టుటకు చాలదు. అందుకు లవణమును నీటిలో గాక, మంచులోనే కలుపవలెను.

ఆ రెండవ మెట్టును స్పష్టముగా వర్ణించినవారిలో నేపుల్సునకు చెందిన జాంబత్తిస్తా దెల్లా పోర్టా ఒకడు. 1589లో వెలువడిన తన ప్రకృతి విద్యా గ్రంథపు పెద్ద ప్రతిలో, విందులకొరకు ద్రాక్షసారాను గడ్డకట్టించు విధమును ఆయన తెలిపెను. సారాను గాజుకుప్పెలో పోయవలెను. అది త్వరగా గడ్డకట్టుటకై కొంచెము నీరు కలుపవలెను. కొయ్యతొట్టిలో మంచు నింపి, దానిపై సురేకారపు పొడి చల్లి, కుప్పెను అందులో త్రిప్పుచుండవలెను. నీరేల కలుపవలెనో ఆయన చెప్పలేదు. అనుభవము ముందు వచ్చినది. దాని కారణము తెలియుటకు దాదాపు 300 ఏండ్లు పట్టినది.

ఉప్పు చేయు పని

మంచునకు ఉప్పు చేర్చినచో అది వేడెక్కకయే కరగనారంభించును. కరగుటకు ప్రతి గ్రాము మంచునకును సుమారు 80 కెలొరీల వేడి కావలెను. దీనినే ద్రవీభవన గుప్తోష్ణ మందుము. బయటినుండి వేడి చాలినంత అందనప్పుడు, మంచు ఆ వేడిని తననుండియు, తనలో మునిగియున్న పాత్రనుండియు లాగుకొనును. సామాన్యమైన ఉప్పుతో ఈ మిశ్రమము సున్నకు దిగువ సుమారు 21 డిగ్రీలవరకు చల్లబడగలదు. సురేకారముకంటె వంట ఉప్పు చవుక, మంచులో దాని పనియు ఎక్కువ. అందుచేత మిఠాయి వారు క్రమముగా దానినే వాడిరి.

ఇదే మిశ్రమము శాస్త్రజ్ఞుల చేతులలోనికిని వచ్చినది. రాబర్టు బాయిల్ 1665లో చలినిగూర్చిన తన ప్రయోగములను గ్రంథముగా ప్రకటించెను. ఫారెన్‌హీటు 1724లో తన ఉష్ణమాపక విధానమును వివరించుచు, మంచు, నీరు, నవాసాగరము కలిపిన మిశ్రమపు చలిని సున్నగా గ్రహించెను. మిఠాయివాని తొట్టియు, భౌతికశాస్త్రజ్ఞుని సున్నయు ఒకే తెరువున నడచినవి.

షర్బత్తునుండి జెలాటోవరకు

చలి చేజిక్కగానే రుచులు వెల్లువగా వచ్చినవి. ఇటాలియన్ భాషలోని సోర్బెత్తో, మన షర్బత్తు అను మాటలు రెండును ఒకే మూలమునుండి వచ్చినవి. పానీయము మంచుగా మారినను పేరు మారలేదు. నేపుల్సులో ఒక ప్రభువు ఇంట విందు వ్యవహారములు చూచుచుండిన అంతోనియో లాతీని, 1692లోను 1694లోను రెండు సంపుటములుగా ఒక గ్రంథము ప్రకటించెను. అందు నిమ్మ, దాల్చినచెక్క, చాకొలెట్ మొదలగు సోర్బెత్తోలతోపాటు పాలతో చేయునదియు కలదు. జెలాటోకు పూర్వరూపముగా దీనిని చెప్పవచ్చును. నేపుల్సువారందరును పుట్టుకతోనే ఈ విద్య నెరిగినవారివలె నుందురని ఆయన భావము. దీనినిబట్టి ఆ నాటికే ఈ విద్య ఒక్కనిది గాక ఊరందరిది అయినదని తెలియుచున్నది. 1686లో సిసిలీ దేశీయుడు ప్రొకోపియో పారిస్ నగరమున ప్రొకోప్ కాఫీశాలను స్థాపించి, డబ్బిచ్చినవారికెల్ల మంచు మిఠాయిలు అమ్మెను.

ఇక వింత రుచుల సంగతి. 1768లో ఫ్రాన్సులో ఎమీ అను మిఠాయి నిపుణుడు కేవలము మంచు మిఠాయిలను గూర్చియే ఒక గ్రంథము వ్రాసెను. అందు కుంకుమపువ్వు, రై ధాన్యపు రొట్టె, చీజు, నేలలోపల పెరుగు ట్రఫుల్ అను పుట్టగొడుగు వీనితో చేయు విధములు కలవు. 1789లో లండనులో ఫ్రెడరిక్ నట్ ప్రకటించిన గ్రంథమునను పార్మెజాన్ చీజుతో చేయు ఐస్‌క్రీము కలదు. కావున చీజు జెలాటో నేటి విపరీతము గాదు. దానికి రెండు శతాబ్దములకు మించిన వయస్సు కలదు.

రుచికి లెక్క

ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు రౌల్టు 1882లో ప్రకటించిన సూత్రము మొదటి ప్రశ్నకు సమాధానమిచ్చును. నీటిలో ఏ పదార్థము కరగినను నీటి ఘనీభవన స్థానము తగ్గును. ఎంత తగ్గునన్నది కరగిన పదార్థపు బరువుపై గాక, దాని కణముల సంఖ్యపై ఆధారపడును. ఒక కిలోగ్రాము నీటిలో 100 గ్రాముల చొప్పున వేరువేరు పదార్థములను కరగించినామనుకొనుడు. పంచదార ఘనీభవన స్థానమును సుమారు అర డిగ్రీ మాత్రమే తగ్గించును. గ్లూకోజు 1 డిగ్రీ, ఆల్కహాలు 4 డిగ్రీలు, ఉప్పు సుమారు 6 డిగ్రీలు తగ్గించును. పంచదార అణువు పెద్దది, కావున 100 గ్రాములలో అణువులు తక్కువ. ఆల్కహాలు అణువు చిన్నది. ఉప్పు నీటిలో రెండేసి అయానులుగా విడిపోవును.

చీజులోని ఉప్పు జెలాటోను ఏల మెత్తబరచునో, ద్రాక్షసారా ఏల జారునో ఇప్పుడు స్పష్టమగుచున్నది. పోర్టా సారాలో నీరేల కలిపెనో అదియు తెలియుచున్నది. నీరు కలుపగా ఆల్కహాలు పాలు తగ్గి, ఘనీభవన స్థానము పైకి వచ్చును. ఆలివు నూనె నీటిలో కరగదు, కావున ఈ లెక్కలోనికి రాదు. అది సన్నని బిందువులుగా చెదరి నునుపు నిచ్చును. క్రొత్త రుచిని తలపెట్టిన తయారీదారుడు ఈ లెక్కనుబట్టియే పంచదారను తగ్గించుటయో, గ్లూకోజు చేర్చుటయో చేయును.

నాలుకయు ఈ లెక్కలో చేరును. నాలుకపై తీపిని తెలుపు కణములలోని ఒక మార్గము చలిలో మందగించుననియు, వెచ్చనైనకొలది చురుకగుననియు 2005లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. కరగిపోయిన జెలాటో అతిగా తియ్యగా నుండుట ఇందువలననే.

తొట్టినుండి యంత్రమునకు

1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అను నామె చేతితో త్రిప్పు ఐస్‌క్రీము యంత్రమునకు పేటెంటు పొందెను. త్రిప్పుటవలన మంచు స్ఫటికములు పెద్దవి గాక సన్నగా నిలుచును. అందును వెలుపలి తొట్టిలో మంచు, ఉప్పు నుండవలసినదే. మంచు దొరకని దేశములకు అది ఓడలమీద వచ్చెడిది. 1833లో బోస్టనునుండి కలకత్తాకు తొలిసారి మంచు ఓడ వచ్చినది. చెన్నపట్టణపు ఐస్‌హౌసు ఆ వర్తకమునకే 1842లో నిర్మింపబడినది. బొలోన్యాకు చెందిన ఒతెల్లో కత్తాబ్రీగా 1927లో జెలాటోకు స్వయంచాలక యంత్రమును రూపొందించెను. నేడు శీతలీకరణ యంత్రములు ఉప్పు చేసిన పనిని చేయుచున్నవి. అయినను మన వీధులలో కుల్ఫీ అమ్మువాడు రేకు గొట్టములను ఉప్పు కలిపిన మంచు కుండలో ఉంచుచునే యున్నాడు.

ఈ చరిత్రలో ఒక్క వీరుడు లేడు. ఒక్క దేశము లేదు. అరబ్బు వైద్యులు, మొగలు కొలువు సేవకులు, నేపుల్సు పండితులు, పేరు నిలువని వంటవారు తలకొక మెట్టు కట్టిరి. కట్టుకథ ఒక రాణికిచ్చిన కీర్తిని సాక్ష్యము వీరందరికిని పంచిపెట్టుచున్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. మూడు పాళ్ల మంచుపొడికి ఒక పాలు ఉప్పు తూకముగా కలిపి, ఉష్ణమాపకమును ఉంచవలెను. మిశ్రమమును వట్టిచేతితో పట్టరాదు. చర్మమునకు హాని కలుగును. అందు మూడు పరీక్షనాళికలను నిలిపి, ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో పంచదార నీరు, మూడవదానిలో అంతే బరువు గల ఉప్పు కలిపిన నీరు పోయవలెను. ఏది ముందు గడ్డకట్టునో, ఏది వెనుకబడునో విద్యార్థులు ముందుగానే లెక్కకట్టి వ్రాసికొని, పిదప నాళికలను చూడవలెను.