తోలా, గొలుసా?

ఎడిన్‌బరాలో ఆఫీసు మిత్రుడి పెళ్ళికని కిల్ట్ అద్దెకు తీసుకోడానికి వెళ్ళాను. కొలతలన్నీ అయ్యాక, షాపులో పెద్దాయన చివరగా అడిగాడు: "స్పోరన్‌కి తోలు పట్టీయా, గొలుసా?" తేడా ఏంటన్నాను. "పగలైతే తోలు, రాత్రి విందుకి గొలుసు" అన్నాడు, మా అమ్మమ్మ అమావాస్య నాడు ప్రయాణం వద్దన్నంత ధీమాగా. పెళ్ళేమో మధ్యాహ్నం, విందేమో రాత్రి. ఫోటోల్లో మెరుస్తుంది కదా అని గొలుసు తీసుకున్నాను. ఆ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్న ప్రశ్న మాత్రం పెళ్ళయ్యాక కూడా వదల్లేదు.

స్పోరన్ అంటే స్కాటిష్ గేలిక్‌లో డబ్బు సంచి. అంతే. కిల్ట్‌కి జేబులుండవు కాబట్టి ముందువైపు వేలాడే తిత్తి అది. పంచెకి జేబు లేకే కదా మన తాతలు చిల్లర రొండిన దోపుకున్నదీ, వక్కాకు తిత్తి వెంట పెట్టుకున్నదీ. మొదట్లో స్పోరన్ కూడా జింక తోలో దూడ తోలో, మూతి దగ్గర తోలు తాళ్ళు లాగితే ముడుచుకునే సంచి. తర్వాత మూతికి ఇత్తడి, డబ్బున్న వాళ్ళకి వెండి పట్టీలు వచ్చాయి. వాల్టర్ స్కాట్ 1817 నవల 'రాబ్ రాయ్'లో రాబ్ రాయ్ తిత్తికి ఏకంగా ఒక చిన్న పిస్తోలే దాచి ఉంటుంది. కిటుకు తెలియనివాడు తెరిస్తే పేలుతుంది. పాస్‌వర్డ్ అన్నమాట.

మరి అది దేనికి వేలాడేది? నడుము బెల్టుకే. అప్పటి కిల్ట్ ఇప్పటిలా కుట్టింది కాదు. కొన్ని గజాల ఉన్ని బట్టని చేత్తో కుచ్చిళ్ళు పోసి, బెల్టు బిగించి, మిగిలింది భుజమ్మీద వేసుకునేవాళ్ళు. రాత్రి బెల్టు విప్పితే అదే దుప్పటి. బట్టంతా ఆ బెల్టు మీదే నిలబడి ఉన్నప్పుడు, తిత్తికి వేరే పట్టీ ఎందుకు?

18వ శతాబ్దంలో పై సగం పోయి పొట్టి కిల్ట్ వచ్చింది. దాన్ని కనిపెట్టింది రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప వ్యాపారి అని చరిత్రకారుడు ట్రెవర్-రోపర్ 1983లో వాదిస్తే స్కాట్లండ్‌లో చాలామందికి కోపం వచ్చింది. ఆ వ్యాసం చదవడానికి బలే సరదాగా ఉంటుంది గానీ, ఎవరు కత్తిరించారన్నది నాకంత పెద్ద విషయంగా తోచలేదు. శతాబ్దం చివరికొచ్చేసరికి దర్జీలు కుచ్చిళ్ళని కుట్టేయడం మొదలుపెట్టారు, పక్కన బకిళ్ళు ఆ తర్వాత వచ్చాయి. దాంతో కిల్ట్‌ని నిలబెట్టే ఉద్యోగం బెల్టుకి పోయింది. నా లెక్కలో అసలు మలుపు అదీ.

ఈ మధ్యలోనే ఇంకో పెద్ద సంగతి జరిగింది. 1746 ఏప్రిల్‌లో కలోడెన్ యుద్ధంలో హైలండర్ల తిరుగుబాటు అణిగిపోయింది. 1747 ఆగస్టు నుంచి మగవాళ్ళు హైలండ్ దుస్తులు వేసుకోవడం నేరం. మొదటిసారి దొరికితే ఆర్నెల్ల జైలు, రెండోసారైతే ఏడేళ్ళ ద్వీపాంతరం. 1782 దాకా ఇదే చట్టం. అన్నట్టు, మన కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ 1754లో లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టి, 1783లో మద్రాసులో దిగాడు. ఆయన బాల్యం, యవ్వనం దాదాపు మొత్తం ఈ నిషేధంలోనే గడిచాయి. ఊరూరా గ్రామ చరిత్రలు రాయించి దాచిన మనిషి, తన సొంత దేశంలో తాతల బట్టలు నేరమైన కాలంలో పెరిగాడన్నది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

ఆ నిషేధం సైనికులకి వర్తించదు. కాబట్టి కిల్ట్, స్పోరన్ బతికి బట్టకట్టింది పటాలాల్లో. అక్కడే తిత్తి యూనిఫాం అలంకారంగా మారింది. విక్టోరియా కాలానికి గుర్రపు వెంట్రుకలు మోకాళ్ళ దాకా వేలాడుతుంటాయి, లోపల పట్టేది మాత్రం కొంచెమే. 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరా వచ్చినప్పుడు స్కాట్ దగ్గరుండి ఊరంతటికీ హైలండ్ వేషం వేయించాడు. కత్తులూ పిస్తోళ్ళతో కలిపి రాజుగారి ఒక్క వేషానికే 1,354 పౌండ్లు అయ్యాయి. నేరం కాస్తా నలభై ఏళ్ళలో ఫ్యాషన్ అయింది.

ఇప్పుడు కిల్ట్ మీద వెయిస్ట్‌కోట్ వేస్తే నడుముకి బెల్టు పెట్టుకోరు. తిత్తికి సొంత పట్టీ తప్పనిసరి. వెండి మూతి, సీల్ చర్మం ఉన్న విందు తిత్తికి జోడీగా మెరిసే గొలుసు, మామూలు తోలు తిత్తికి తోలు పట్టీ. నన్నడిగితే ఈ పగలు-రాత్రి తేడా కొండల్లో పశువులు తోలుకున్నవాళ్ళది కాదు, భోజనానికి ముందు బట్టలు మార్చుకునే దొరల ఇళ్ళది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూడండి, కందకాల్లోకి దిగేటప్పుడు వెంట్రుకల స్పోరన్ పక్కన పెట్టేసి, కిల్ట్ మీద ఖాకీ ఏప్రన్ కట్టుకున్నారు. ఆ ఏప్రన్‌కి సరిగ్గా స్పోరన్ ఉండే చోట ఒక జేబు కుట్టారు!

ఇంతకీ నేను తీసుకున్న గొలుసు నిజానికి సగమే గొలుసు. తిత్తికి అటూ ఇటూ గొలుసు ముక్కలు, వెనక తోలు. కిల్ట్ వెనకున్న రెండు లూపుల్లోంచి ఆ తోలు దూరుతుంది. చుట్టూ గొలుసే ఉంటే అది వెనక కుచ్చిళ్ళ మీద ఆకురాయిలా పనిచేస్తుంది మరి. తిత్తి బరువుకి నడిచే ప్రతి అడుగుకీ ఉన్ని అరుగుతుంది. ఇదంతా నాకు షాపులో ఎవరూ చెప్పలేదు.

విందులో డాన్సు మొదలవగానే అందరూ తిత్తిని తుంటి మీదకి జరుపుకున్నారు, నేనూ జరుపుకున్నాను. మర్నాడు కిల్ట్ మడత పెడుతుంటే కనిపించింది. రెండు తుంట్ల దగ్గరా వేలెడు వెడల్పున నూగు లేచి, గళ్ళ రంగు వెలిసిన చారలు. ఒక్క రాత్రి అరుగుదల కాదది. తిరిగి ఇచ్చేటప్పుడు పెద్దాయన ఆ చారల మీద బొటనవేలు పోనిచ్చాడు. ఏమీ అనలేదు. డిపాజిట్ మొత్తం లెక్కపెట్టి ఇచ్చి, నా వెనక నిలబడ్డ కుర్రాణ్ణి అడిగాడు: "తోలు పట్టీయా, గొలుసా?"