గుర్రం, గాడిద, నా పాత కరోలా

మూడేళ్ళ క్రితం సంగతి. నార్త్ కరొలైనాలో క్యారీ అనే ఊరు, ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్ లాట్. ఖాళీ స్లాట్ కోసం వెతుక్కుంటూ మెల్లగా పోతున్నా. పక్క స్లాట్ లోంచి ఒకావిడ వెనక్కి తీస్తూ నా వెనక తలుపుకి కొట్టింది. దెబ్బలేం తగల్లేదు, తలుపు మాత్రం సొట్ట పడింది. ఆవిడ కంగారు చూసి మొహమాటంతో "సారీ, నేనూ చూసుకోలేదు" అన్నా. అదే నా కొంప ముంచింది.

ఆవిడ ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్ చేసి ఆ ముక్కే మళ్ళీ అడిగారు. నిజమే కదా, ఒప్పుకున్నా. వారానికి ఉత్తరం వచ్చింది: మీ తప్పు కూడా ఉంది కాబట్టి మేమివ్వాల్సింది సున్నా. నాది పాత కారని లయబిలిటీ ఒక్కటే తీసుకున్నా, అంటే నా సొంత కంపెనీ కూడా పైసా ఇవ్వదు. సరే, తప్పులో పది పాళ్ళు నాదే అనుకుందాం. మిగతా తొంభై ఎక్కడికి పోయింది? ఇది పర్సెంటేజ్ అవ్వాలి గానీ బూలియన్ ఎలా అయ్యింది?

ఆ కోపంలో తవ్వుకుంటూ పోతే 1809లో ఇంగ్లాండులో తేలాను. డెర్బీ ఊళ్ళో ఒకాయన ఇల్లు బాగుచేసుకుంటూ రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టాడు. దీపాలు పెట్టే వేళ ఇంకొకాయన పబ్బులోంచి బయటికొచ్చి గుర్రాన్ని దౌడు తీయించి, దాన్ని తగిలి పడ్డాడు. వంద గజాల దూరం నుంచి కర్ర కనిపించేంత వెలుతురుందని సాక్ష్యం. కేసు పోయింది. నీ జాగ్రత్తలో నువ్వు లేనప్పుడు ఎదుటివాడి తప్పు చూపించి డబ్బు అడగలేవు.. ఈ తీర్పులోంచి పుట్టిన సూత్రమే కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్.

ఇది మరీ మొరటుగా ఉందని 1842లో ఒక ప్యాచ్ వేశారు. ఒకాయన గాడిద ముందుకాళ్ళకి బంధం వేసి రోడ్డు మీద వదిలేస్తే, మూడు గుర్రాల బండి వచ్చి తొక్కేసింది. గాడిద చచ్చింది, యజమాని గెలిచాడు. బండివాడు కాస్త చూసుకుంటే తప్పించగలిగేవాడే కదా అన్నారు జడ్జీలు. నాకీ ప్యాచ్ పనికిరాలేదు. నా కారు కాళ్ళకి బంధం లేదు మరి, చూసుకుని ఉంటే నేనూ బ్రేక్ వేసేవాణ్ణే.

తర్వాత లోకం మారింది. అమెరికాలో 1910లోనే మిస్సిసిపి తప్పుని పాళ్ళ లెక్కన పంచడం మొదలెట్టింది. ఇంగ్లాండు తన పాత సూత్రాన్ని 1945లో చట్టం చేసి తీసేసింది. లాస్ ఏంజిలిస్‌లో పెట్రోల్ బంకులోకి తిప్పబోయిన ఒకావిడ కారునీ, పసుపు లైటులో దూసుకొచ్చిన ట్యాక్సీనీ అడ్డం పెట్టుకుని కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1975లో మార్చింది. మన దేశంలోనూ కోర్టులు తప్పుని పాళ్ళు వేసి పరిహారం తగ్గిస్తాయే గానీ మొత్తం ఎగ్గొట్టవు.

రాసినవాళ్ళే డిలీట్ చేసిన ఆ కోడ్ నార్త్ కరొలైనా, వర్జీనియా, మేరీల్యాండ్, అలబామాల్లో ఇంకా ప్రొడక్షన్లో నడుస్తోంది. వాషింగ్టన్ డీసీలో నడిచేవాళ్ళకీ, సైకిళ్ళవాళ్ళకీ 2016లో సడలించారు, కార్లకి అంతే. మేరీల్యాండ్ పెద్ద కోర్టుని 2013లో మార్చమని అడిగితే, అది చట్టసభ పని అంది. క్యారీలోనూ, డీసీ చుట్టుపక్కలా మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు. డల్లాస్‌లో స్నేహితుడు ఇచ్చిన సలహా ఇక్కడ పనిచెయ్యదు.

అబద్ధం ఆడమనడం లేదు. దెబ్బలేమైనా తగిలాయా అని అడగండి, ఫోటోలు తీయండి, వివరాలు రాసుకోండి, పోలీసుని పిలవండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. తప్పెవరిదో మాత్రం అక్కడే నిలబడి మీరు తీర్పు చెప్పకండి. కారు మరీ డొక్కుది కాకపోతే కొలిజన్ కవరేజ్ కూడా తీసుకోండి. తప్పు ఎవరిదైనా, డిడక్టిబుల్ పోను మీ కంపెనీ ఇస్తుంది.

నా కరోలా తలుపు సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది. మొహమాటానికి కట్టిన ఫీజు అనుకుంటున్నా.