చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? ఈవాప్ కోడ్ వస్తే పార్ట్‌లు మార్చే ముందు ఇవి చూడండి!

కారు బాగానే నడుస్తుంది. శబ్దం లేదు, పికప్ తగ్గలేదు. అయినా డ్యాష్‌బోర్డుపై చెక్ ఇంజిన్ లైట్ ఆరదు. స్కానర్ పెడితే పీ0455, పీ0442 లాంటి కోడ్ కనిపిస్తుంది. అమెరికాలో సెకండ్ హ్యాండ్ సివిక్, కొరోలా లాంటి చిన్న కారు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. అసలు ఈ కోడ్ ఏం చెబుతుంది? ముందు ఏం చూడాలి?

ఈవాప్ అంటే ఏంటి?

ట్యాంకులోని పెట్రోల్ ఆవిరి గాల్లో కలవకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఇది. ఆవిరి ముందుగా బొగ్గు నింపిన క్యానిస్టర్‌లోకి చేరుతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే అక్కడి నుంచి ఇంజిన్‌లోకి వెళ్లి మండిపోతుంది. ఈ దారి మొత్తం బిగుతుగా ఉందో లేదో కారు కంప్యూటరే అప్పుడప్పుడు టెస్ట్ చేసుకుంటుంది.

ఏ కోడ్‌కు ఏ అర్థం?

* పీ0455: పెద్ద లీక్. గ్యాస్ క్యాప్ సరిగా బిగించకపోయినా రావచ్చు.
* పీ0442: చిన్న లీక్. సుమారు 1 మిల్లీమీటర్ రంధ్రమంత.
* పీ0456: అతి చిన్న లీక్. అర మిల్లీమీటర్ రంధ్రం చాలు.
* పీ0441: పర్జ్ ప్రవాహం సరిగా లేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కోడ్ చెప్పేది సమస్య ఏ వ్యవస్థలో ఉందో మాత్రమే. ఏ పార్ట్ పోయిందో చెప్పదు. కోడ్ చూసి నేరుగా క్యానిస్టర్ మార్చేస్తే, డబ్బు పోయినా లైట్ మళ్లీ వెలగొచ్చు.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టండి

ముందు గ్యాస్ క్యాప్ తీసి రబ్బరు రింగు చూడాలి. పగుళ్లు ఉన్నా, గట్టిపడినా క్యాప్ మార్చాలి. బాగుంటే క్లిక్ శబ్దం వచ్చేదాకా బిగించాలి. లైట్ వెంటనే ఆరకపోవచ్చు. కంప్యూటర్ మళ్లీ టెస్ట్ చేసుకోవడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా, దాదాపు ఖాళీగా ఉన్నా చాలా కార్లలో ఆ టెస్ట్ నడవదు.

తర్వాత పర్జ్ వాల్వ్. పెట్రోల్ కొట్టించిన వెంటనే కారు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే దీన్ని అనుమానించాలి. ఇంజిన్ చల్లారాక వాల్వ్ విప్పి, చేతి పంపుతో చూస్తే కరెంటు లేనప్పుడు గాలి అవతలికి పోకూడదు. పోతోందంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. క్యానిస్టర్ దగ్గరుండే వెంట్ వాల్వ్ దీనికి రివర్స్. చాలా కార్లలో కరెంటు లేనప్పుడు అది తెరిచే ఉంటుంది.

రెండూ బాగుంటే మెకానిక్ దగ్గర స్మోక్ టెస్ట్ చేయించాలి. తక్కువ ప్రెషర్‌తో పైపుల్లోకి పొగ పంపిస్తే, లీక్ ఉన్నచోట బయటికి కనిపిస్తుంది. ఇంట్లో కంప్రెసర్ గాలి మాత్రం పెట్టొద్దు, పైపులు, వాల్వ్‌లు పాడవుతాయి.

టెస్ట్ ముందు కోడ్ చెరిపేస్తే?

ఈ పొరపాటు చేయొద్దు. కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌లో లైట్ వెలుగుతుంటే కారు ఫెయిల్. టెక్సాస్‌లో 2025 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లోని కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ ఉంది. అందుకని ముందురోజు స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే, కంప్యూటర్‌లోని సెల్ఫ్ టెస్ట్ రికార్డు కూడా చెరిగిపోతుంది. అవి మళ్లీ పూర్తయ్యేదాకా టెస్ట్ పాస్ కావడం కష్టం. రిపేర్ ముందే చేయించి, కొన్ని రోజులు నడిపాకే వెళ్లాలి.

ఇవి మర్చిపోవద్దు

బంకులో నాజిల్ ఆగాక ఇంకాస్త అంటూ పెట్రోల్ కొట్టించొద్దు. అది క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును తడిపేస్తుంది. ఈవాప్ కోడ్ ఒక్కటే ఉంటే కారు నడపొచ్చు. కానీ పెట్రోల్ వాసన వస్తే మాత్రం నడపడం ఆపి మెకానిక్‌కు చూపించాలి. లైట్ వెలుగుతూ ఆరుతూ ఉంటే అది ఈవాప్ కాదు, మిస్‌ఫైర్ హెచ్చరిక. అప్పుడు కారును సురక్షితమైన చోట ఆపేయాలి.