వేడినీళ్ళు, వాంతులు, ఒక పాత పేపరు

పోయిన నెల కాలిఫోర్నియా నుంచి మా అక్క ఫోన్. పదిహేడేళ్ళ కొడుక్కి వాంతులు. నాలుగు రోజులు ఆగకుండా అవుతాయి, నెల బాగుంటాడు, మళ్ళీ మొదలు. స్కాన్లు, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. "అదేం పిచ్చోరా, గంటల తరబడి వేడినీళ్ళ షవర్ కింద నుంచి కదలడు" అంది.

షవర్ మాట వినగానే ఎప్పుడో చదివిన ఓ పేపరు గుర్తొచ్చింది.

విడతలు విడతలుగా వచ్చే వాంతులు కొత్తేం కాదు. 1882లోనే లండన్లో శామ్యూల్ గీ అనే డాక్టరు తొమ్మిదిమంది పిల్లల గురించి రాశాడు. కానీ గంజాయిని ఎవరు అనుమానిస్తారు? అది వాంతులు తగ్గిస్తుందనే కదా పేరు! 1985లో అమెరికా కీమోథెరపీ వాంతులకి కృత్రిమ టీహెచ్‌సీని (గంజాయిలో మత్తు ఇచ్చేది అదే) మందుగా ఆమోదించింది. అదే ఏడాది మనవాళ్ళు ఎన్డీపీఎస్ చట్టం తెచ్చి గంజాయిని నిషేధించారు. తమాషా.

2004లో దక్షిణ ఆస్ట్రేలియాలో అలెన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఆ నమ్మకాన్ని తిరగేశారు. ఏళ్ళ తరబడి గంజాయి తాగుతూ ఇలా వాంతులతో వచ్చినవాళ్ళు 19 మంది. వడగట్టగా మిగిలింది తొమ్మిదిమంది, అంతకుముందే ప్రచురించిన ఒక కేసుతో కలిపి పదిమంది. అందులో తొమ్మిదిమందికి వాంతులప్పుడు పదేపదే వేడినీళ్ళ స్నానం చేసే అలవాటు! గంజాయి మానేసిన ఏడుగురికి వాంతులు ఆగాయి. ముగ్గురు మానేసి మళ్ళీ మొదలెట్టారు, వాంతులూ తిరిగొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే బగ్ రీప్రొడ్యూస్ అయింది. పదిమందితో ఏం తేలుతుంది అని మీరు అడగొచ్చు, న్యాయమే. కానీ తర్వాత అమెరికాలో రాష్ట్రాలు ఒక్కొక్కటే గంజాయిని చట్టబద్ధం చేస్తుంటే ఎమర్జెన్సీల్లో ఈ కేసులు పెరిగాయి, టీనేజి పిల్లల్లో కూడా. షాపులో 21 నిండినవాళ్ళకే అమ్మాలి, నిజమే. పిల్లలకి షాపే కావాలా ఏంటి?

ఈ జబ్బుకి అమెరికాలో సొంత డయాగ్నసిస్ కోడ్ వచ్చింది మాత్రం 2025 అక్టోబర్లో. హైదరాబాద్ మెడికల్ కోడింగ్ మిత్రులకి ఈపాటికి తెలిసే ఉంటుంది.

అక్కకి ఇదంతా చెప్పలేదు. వాడితో విడిగా మాట్లాడాను. చాలాసేపు నసిగి, "మావయ్యా, వాంతులు తగ్గుతాయనే ఇంకా ఎక్కువ తాగుతున్నా" అన్నాడు.

పేపరు సంగతి మొత్తం చెప్పాను.

"అమ్మకి చెప్పొద్దు."

"డాక్టరుకి నువ్వు చెప్తావా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే" అన్నాడు.