చేప సాక్ష్యం: రాయలసీమలో మంచినీటి విషశాస్త్ర పరిశోధన

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలంలో వేదవతి నదిపై భైరవానితిప్ప జలాశయం 1961లో పూర్తయింది. కరవు సీమలో ఇటువంటి జలాశయాలు, చెరువులు పైరుకే కాక చేపకూ ఆధారం. హరిత విప్లవంతో పురుగుమందుల వాడకం పెరిగాక, పొలాల నుండి నీటిలో చేరే విషం చేపను ఏం చేస్తుందన్నది శాస్త్రపరిశీలనకు అర్హమైన ప్రశ్న అయింది.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర పరిశోధకులు కె. శివప్రసాదరావు, కె.వి. రమణారావు ఈ అంశాన్ని చేపట్టారు. తిలాపియా చేపలను ప్రాణాంతకం కాని స్వల్ప మోతాదు మిథైల్ పారాథియాన్‌కు గురిచేసి, కణజాలాల్లోని ఆక్సీకరణ ఎంజైములను, సేంద్రియ పదార్థాలను పరిశీలించారు. ఆ వ్యాసం 1979లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వెలువడింది. నాడీ సంకేతాలను నియంత్రించే ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. చేపలు చచ్చి తేలినప్పుడే నీరు చెడిందనుకోవడం చాలదనీ, ఈదుతున్న చేపలోనూ హానిని వెదకాలనీ ఇటువంటి అధ్యయనాల సారాంశం.

ప్రయోగశాల తొట్టిలో విషగాఢతను పరిశోధకుడు నిర్ణయిస్తాడు. కరవు సీమ చెరువులో ఎండ నిర్ణయిస్తుంది. నీరు ఆవిరై తగ్గేకొద్దీ, త్వరగా విచ్ఛిన్నం కాని కాలుష్యాలు చిక్కబడతాయి. నిండు చెరువులో తీసిన ఒక్క నమూనాతో ఇక్కడి నీటిని సురక్షితమని తేల్చలేము.

మిథైల్ పారాథియాన్‌ను భారత ప్రభుత్వం నిషేధించింది 2018లో. ఆ వ్యాసానికీ ఈ ఉత్తర్వుకూ మధ్య 39 ఏళ్లు గడిచాయి. రాయలసీమ విజ్ఞాన చరిత్రలో ఆ వ్యవధిని కూడా నమోదు చేయవలసి ఉంది.