వక్తృత్వ శాస్త్రం: ముఖ్య పదాలు, వాటి చారిత్రక నేపథ్యం

వక్తృత్వ శాస్త్రంలోని పదాలను కంఠస్థం చేయడం కష్టం కాదు. అవి ఎందుకు అవసరమయ్యాయో గ్రహించడమే ముఖ్యం. అందుకు ప్రాచీన గ్రీసులో జరిగిన ఒక చర్చను పరిశీలిద్దాం.

లెస్బాస్ దీవిలోని మిటిలీని నగరం ఏథెన్స్ మీద తిరుగుబాటు చేసి, క్రీ.పూ. 427లో లొంగిపోయింది. అక్కడి వయోజన పురుషులందరినీ చంపాలని, స్త్రీలను, పిల్లలను బానిసలుగా చేయాలని ఏథెన్స్ పౌరసభ తీర్మానించింది. ఆ ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. మరునాడు పౌరులు పశ్చాత్తాపపడడంతో సభ మళ్లీ కూడింది. చరిత్రకారుడు థూసిడైడిస్ ఆ సభలోని రెండు ప్రసంగాలను తన మాటల్లో రాశాడు.

శిక్ష అమలు కావాలన్నాడు క్లియాన్. వారు ద్రోహం చేశారు కనుక దండన న్యాయమన్నాడు. జాలిపడవద్దని హెచ్చరిస్తూ, తిరుగుబాటు నాటి కోపాన్ని గుర్తుతెచ్చుకోమన్నాడు. డయోడోటస్ దీన్ని వ్యతిరేకించాడు. మనం న్యాయస్థానంలో లేము, మనకు ఏది మేలో ఆలోచిస్తున్నామన్నాడు. లొంగినవారికీ, చివరిదాకా పోరాడినవారికీ ఒకే శిక్ష వేస్తే ఇకపై ఏ నగరం లొంగుతుందని ప్రశ్నించాడు.

సుమారు ఒక శతాబ్దం తరవాత అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ఇటువంటి తేడాలకు పేర్లు పెట్టాడు. ఆయన ప్రసంగాలను మూడు రకాలుగా విభజించాడు.

1. న్యాయవాద ప్రసంగం: జరిగినదాన్ని గురించి న్యాయమా, అన్యాయమా అని విచారిస్తుంది.
2. సమాలోచన ప్రసంగం: జరగబోయేదాన్ని గురించి మేలా, కీడా అని తర్కిస్తుంది.
3. ప్రశంసా ప్రసంగం: ముఖ్యంగా వర్తమానానికి సంబంధించి మెచ్చుకుంటుంది లేదా నిందిస్తుంది.

క్లియాన్ ప్రధానంగా మొదటి పద్ధతిలో మాట్లాడాడు. డయోడోటస్ చర్చను రెండవ పద్ధతిలోకి మళ్లించాడు. ప్రశ్న మారితే జవాబు కూడా మారుతుందని గమనించండి.

ఒప్పించే సాధనాలు కూడా మూడని అరిస్టాటిల్ చెప్పాడు. వక్త శీలం మీద శ్రోతకు కలిగే నమ్మకం ఎథోస్. ఆ నమ్మకం వక్తకు ముందే ఉన్న పేరు వల్ల కాక ప్రసంగం ద్వారానే కలగాలని ఆయన అభిప్రాయం. శ్రోతలో భావోద్వేగాన్ని కలిగించడం పాథోస్. జాలి వద్దన్న క్లియాన్ కోపాన్ని రేపడం కూడా పాథోసే. వాదనలోని హేతువు లోగోస్. లోగోస్‌లో ముఖ్యమైనది ఎంథిమీమ్. ఇందులో వక్త ఒక ఆధారాన్ని చెప్పకుండా వదిలేస్తాడు, శ్రోత దాన్ని పూరించుకుంటాడు. పై ప్రశ్నలో డయోడోటస్ వదిలేసిన ఆధారం ఏమిటి? మనుషులు ఫలితాన్ని బట్టి నడుచుకుంటారన్నదే.

చేతులెత్తి ఓటు వేసినప్పుడు డయోడోటస్ పక్షం స్వల్ప తేడాతో గెలిచింది. రెండవ ఓడ హడావుడిగా బయలుదేరి, శిక్ష అమలు జరగబోతుండగా చేరుకుంది. నగరం బతికింది. కాని తిరుగుబాటుకు బాధ్యులుగా ఏథెన్స్‌కు పంపిన వారిని చంపేశారు.

డయోడోటస్ ఎక్కడా దయ చూపమని అడగలేదని మరవకండి. ఈ పదాలు ఏ ప్రసంగం మంచిదో చెప్పవు. మనల్ని ఏది ఒప్పిస్తున్నదో చూపిస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీరు ఇటీవల విన్న ఒక ప్రసంగాన్ని తీసుకోండి. అది పై మూడు రకాల్లో దేనికి చెందుతుంది? అందులో ఎథోస్, పాథోస్, లోగోస్‌లను గుర్తించి పది పంక్తుల్లో రాయండి.